ప్రింటు పుస్తకం చదవలేని పిల్లలకు పాఠాలు తయారు చేసి ఇవ్వడం ఎలా

జూన్‌లో బడి తెరిచి కొత్త పుస్తకాలు పంచేటప్పుడు క్లాసులో ఒకరిద్దరికి ఆ పుస్తకం చేతికొచ్చినా రానట్టే. చూపు లేనివాళ్లు, చూపు బాగా తక్కువ ఉన్నవాళ్లు, డిస్లెక్సియా వల్ల అక్షరాలు కూడబలుక్కోవడానికే నానా అవస్థ పడేవాళ్లు, చేతుల్లో బలం లేక పుస్తకం పట్టుకుని పేజీ తిప్పలేనివాళ్లు. వీళ్లకు పాఠం అర్థం చేసుకునే తెలివి ఉంది, అచ్చులో ఉన్నది అందుకునే దారే లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మామూలు జడ్పీ హైస్కూల్లో ఉండే వసతులతో ఆ దారి ఎలా వెయ్యొచ్చో రాస్తున్నాను. ఒక ల్యాప్‌టాప్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, దగ్గర్లో జిరాక్స్ షాపు, కూర్చుని పనిచేసే ఇద్దరు మనుషులు ఉంటే చాలావరకు అయిపోతుంది.

అన్నిటికంటే ముందు పిల్లల్ని అడగండి. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతమో ఉంటుంది కానీ, ఏ సైజు అక్షరం కనబడుతుందో, వినడం ఇష్టమో చదవడం ఇష్టమో, బ్రెయిలీ వచ్చో రాదో అందులో ఉండదు. పాఠంలో ఒకే ఒక్క పేజీ తీసుకుని దాన్ని మూడు నాలుగు రకాలుగా చేసి ముందు పెట్టండి: 18 సైజులో ఒకటి, 24లో ఒకటి, ఫోన్ చదివి వినిపించేది ఒకటి, మనిషి చదివి రికార్డు చేసింది ఒకటి. ఏది పట్టుకుని ఎక్కువసేపు కూర్చోగలుగుతున్నారో చూడండి. చూపు తక్కువ అనగానే మనం పెద్ద అక్షరాలు అనేసుకుంటాం కానీ, రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి జబ్బులో చుట్టూ చూపు కుంచించుకుపోయి మధ్యలో కొంచెమే మిగులుతుంది, అలాంటి పిల్లలకు అక్షరం పెంచేకొద్దీ ఒక మాటకు రెండో మాట అందదు. "సార్, ఇంత పెద్దవి వద్దు సార్, లైన్లో యాడున్నానో తెలీడంలా" అని ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయికి 14 సైజు, లైన్ల మధ్య ఎడం, ఇంకా పక్కన కిటికీ వెలుతురు, ఇవి కుదిరేసరికి బాగా చదువుకుంటోంది. ఇలాంటివి పిల్లలు నోరు తెరిచి చెబితే తప్ప మనకు తెలిసే వీల్లేదు, అడిగితే చెబుతారు.

తర్వాత, ఉన్నదాన్ని మళ్లీ చెయ్యకుండా ముందు వెతుక్కోండి. సుగమ్య పుస్తకాలయ అని 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా వాళ్లు నడుపుతున్నారు, ప్రింటు చదవలేనివాళ్లు నమోదు చేసుకుంటే అందులోంచి పుస్తకాలు దించుకోవచ్చు. దీక్ష యాప్‌లో పాఠ్యపుస్తకాలకు సంబంధించిన ఆడియో, వీడియో దొరుకుతుంది, మన పుస్తకాల మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా అక్కడికే పోతుంది. దొరికింది దొరికినట్టు పిల్లల చేతికి ఇవ్వకుండా మీ పుస్తకంలోని పాఠంతో సరిపోల్చుకోండి, సిలబస్ మారి పాత పాఠం ఉండిపోయిన సందర్భాలు ఉంటాయి.

దొరకనప్పుడు మనమే చెయ్యాలి. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటాం అంటే ఇది పెట్టుకోండి: ఒక పాఠానికి తప్పుల్లేని యూనికోడ్ (ఏ ఫోనైనా, కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) తెలుగు ఫైలు ఒక్కటి తయారైతే పెద్దక్షరాల ప్రింటు, ఆడియో, బ్రెయిలీ అన్నీ దాన్నుంచే వస్తాయి. అది లేకుండా ఏం చేసినా ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్కసారి మొదట్నుంచి చేసుకోవాల్సిందే.

"పీడీఎఫ్ ఉంది కదా" అంటారు. తెలుగు పీడీఎఫ్‌లతో చిక్కే అది. మన డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా అను ఫాంట్లలో టైపు చేస్తున్నారు, చూడ్డానికి తెలుగే కానీ కంప్యూటర్‌కు అది ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం, ఫోన్ దాన్ని చదవమంటే అర్థం లేని కూతలు వినిపిస్తాయి. పరీక్ష చెయ్యడం తేలిక: పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. అక్కడ చక్కటి తెలుగు వస్తే బతికిపోయాం. పిచ్చి గుర్తులు వస్తే అను. తెలుగే వచ్చినా ఒత్తులూ గుణింతాలూ చోటు మారి వస్తే అదీ పనికిరాదు. అసలు ఏమీ కాపీ కాకపోతే అది పేజీ ఫొటో మాత్రమే. మీ బడికి నోట్సులూ ప్రశ్నపత్రాలూ చేసే డీటీపీ ఆయనకు ఇకనుంచి యూనికోడ్‌లో చెయ్యమని గట్టిగా చెప్పండి, మండలి, నోటో సాన్స్ తెలుగు, గౌతమి ఇవన్నీ యూనికోడ్ ఫాంట్లే. పాత అను ఫైలు ఆయన దగ్గరే ఉంటే కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కు మార్చొచ్చు, పీడీఎఫ్‌తో తంటాలు పడేకంటే అది మేలు.

ఫైలు ఎక్కడా లేకపోతే ఓసీఆర్, అంటే పేజీ ఫొటోలోని అక్షరాల్ని కంప్యూటరే గుర్తుపట్టి టైపు చేసిన అక్షరాలుగా మార్చడం. పుస్తకాన్ని బల్ల మీద బాగా పరిచి, పగటి వెలుతురులో, మీ నీడ పేజీ మీద పడకుండా ఫొటోలు తీయండి. మధ్య మడత దగ్గర అక్షరాలు వంగిపోతే ఓసీఆర్ తప్పులు కుప్పలు. మన బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి కాబట్టి రెండు పేజీలూ కలిపి ఒకే ఫొటో తీయకండి, తెలుగు పేజీలు విడిగా, ఇంగ్లిష్ పేజీలు విడిగా తీసుకోండి. ఆ ఫొటోలు గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, పైన బొమ్మ, కింద టైపు చేసినట్టు తెలుగు వస్తుంది. ఒక్కో ఫైలు 2 ఎంబీ లోపు ఉంటే మంచిది, అందుకని కొన్నేసి పేజీలు చొప్పున వేసుకోండి.

వచ్చిన దాన్ని సరిదిద్దడమే అసలు పని, సగం పైగా సమయం ఇక్కడే పోతుంది. సున్నా అంకె బదులు పూర్ణానుస్వారం పడడం, ప, ష, వ, మ ఒకదాని బదులు ఒకటి రావడం, ద, ధ, థ కలగాపులగం కావడం, ఒత్తులు ఎగిరిపోవడం ఎక్కువ. ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టినట్టు ఉంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే ఫోను వాక్యం మధ్యలో ఆగి ఆగి చదువుతుంది. పేరాలు కలపండి, లైను చివర విరిగిన మాటల్ని అతికించండి. తప్పులు కళ్లతో వెతికితే మనకు తెలిసిన మాటను మెదడే సరిచేసుకుని చదివేస్తుంది, అందుకని ఫోన్ చేత పైకి చదివిస్తూ మీరు అచ్చు పుస్తకం చూస్తూ వినండి. చెవికి తప్పు ఇట్టే దొరుకుతుంది. లెక్కల్లో, సైన్స్‌లో అంకెలు, యూనిట్లు మాత్రం ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు చూసుకోవాలి, అక్కడ ఒక్క సున్నా పోయినా పిల్లవాడి లెక్క తప్పుతుంది, తప్పు తనదే అనుకుంటాడు.

ఫైలుకు ఒక కట్టుబాటు ఉండాలి. పాఠం పేరుకు హెడింగ్ 1, లోపలి శీర్షికలకు హెడింగ్ 2 అని వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో స్టైల్ పెట్టండి, కేవలం బోల్డ్ చేసి వదిలేస్తే చూసేవాళ్లకు శీర్షిక కానీ వినేవాళ్లకు అది మామూలు లైనే. హెడింగ్ పెడితే పిల్లలు ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకగలుగుతారు. అచ్చు పుస్తకంలోని పేజీ నంబరు కూడా "పేజీ 42" అని ఫైల్లో ఒక లైనుగా పెట్టాలి. టీచరు "42వ పేజీ తియ్యండి" అన్నప్పుడు అందరితోపాటు ఆ పిల్లవాడూ అక్కడికి చేరాలి కదా. పక్కన పెట్టెల్లో ఉండే విషయం వాక్యం మధ్యలో దూరకుండా పేరా అయ్యాక పెట్టి, ముందు "పెట్టెలో ఉన్నది" అని, చివర "పెట్టె అయిపోయింది" అని రాయండి. చిన్న పట్టికలైతే వరుస వరుసగా వాక్యాల్లో రాసెయ్యడం సుఖం. లెక్కల్లో వర్గం గుర్తు పైన చిన్న 2గా ఉంటుంది, చాలాసార్లు ఫోన్ దాన్ని ఉత్త 2గా చదివేస్తుంది. అందుకని "ఏ ప్లస్ బి, మొత్తానికి స్క్వేర్" అని మాటల్లో కూడా రాయండి, బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వినేవాళ్లకు తేడా లేకుండా తెలియాలి.

బొమ్మల దగ్గర చాలామంది "ఇక్కడ ఒక మ్యాపు ఉంది" అని రాసి వదిలేస్తారు. దానివల్ల ఏమీ ఒరగదు. పాఠంలో ఆ బొమ్మ ఎందుకు పెట్టారో చూసి అంతవరకు చెప్పాలి. పెన్నా నది మ్యాపు ఉందనుకోండి, ఇలా రాయొచ్చు: "మ్యాపులో పైవైపు ఉత్తరం. కుడి అంచు పొడుగునా బంగాళాఖాతం. పెన్నా కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి అనంతపురం, కడప వైపుల నుంచి వచ్చి నెల్లూరు జిల్లాలోకి దిగుతుంది. మొదట సోమశిల రిజర్వాయరు, అక్కడి నుంచి తూర్పుగా సంగం, తర్వాత నెల్లూరు, ఆ తర్వాత సముద్రం. కావలి నెల్లూరుకు ఉత్తరాన, తీరానికి దగ్గర్లో ఉంది." పిల్లవాడిది కావలి అయితే తన ఊరు ఎక్కడుందో ముందు చెప్పి అక్కణ్నుంచి మిగతాది చెప్పండి, దిక్కులు మనసులో కుదురుతాయి. అభ్యాసంలో "బొమ్మ చూసి జవాబు రాయండి" అని ఉంటే మాత్రం వివరణలో జవాబే చెప్పెయ్యకండి, అందరికీ కనిపించేది మాత్రమే చెప్పాలి. రంగుల గురించి అవసరం లేకపోయినా ఒకసారి చెప్పండి, క్లాసులో మిగతా పిల్లలు "ఆ ఎర్ర గీత" అని మాట్లాడుకుంటారు.

కొన్ని బొమ్మలు మాటల్లో ఎంత చెప్పినా అందవు, త్రిభుజంలో కోణాలు, పువ్వు నిలువుకోత, కాంతి వక్రీభవనం లాంటివి. వాటిని వేలికి తగిలేలా చేసివ్వాలి. మందపాటి అట్ట మీద ఫెవికాల్ గీసి, దాని మీద ఊలు దారం అతికిస్తే గీత అయిపోతుంది. సముద్రానికి గరుకు కాగితం, నేలకు నున్నటి కాగితం. టైలర్ల దగ్గర గుడ్డ మీద గుర్తు పెట్టుకునే పళ్ల చక్రం ఉంటుంది, దాన్ని కాగితం వెనకవైపు నొక్కి తిప్పితే ముందువైపు చుక్కల గీత ఉబ్బుతుంది, అయితే బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి గీయాలి. ఒక అట్ట మీద నాలుగైదు గీతలకు మించి పెట్టకండి, అచ్చు బొమ్మలో ఉన్నదంతా అంటిస్తే వేలికి అంతా ఒకటే ముద్ద. పువ్వు పాఠం అయితే మందార పువ్వునే కోసి చేతిలో పెట్టండి, ఏ బొమ్మా దానికి సాటి రాదు.

పెద్దక్షరాలు కావాలనగానే చాలామంది జిరాక్స్ షాపుకు పోయి ఏ4 పేజీని ఏ3కి పెంచి తెస్తారు. అది 141 శాతమే, పుస్తకంలో 11 సైజు ఉంటే 15 దాటి కొంచెం అవుతుంది అంతే, పైగా ఆ పెద్ద కాగితం బెంచీ మీద పట్టదు, పక్కవాడి మీదకు పోతుంది. బొమ్మలన్నీ నల్లగా అలుక్కుపోతాయి. యూనికోడ్ ఫైలు ఉంటే ఏ4లోనే 18, 20, 24 ఏది కావాలంటే అది ప్రింటు తీసుకోవచ్చు. తెలుగులో ఒత్తులు కింది లైను మీదకు దిగుతాయి కాబట్టి లైన్ల మధ్య ఎడం ఒకటిన్నర తగ్గకూడదు. ఎడమ అంచుకు సర్దండి, రెండు అంచులూ సమం చేస్తే మాటల మధ్య ఖాళీలు సాగి చూపు తప్పిపోతుంది. మెరిసే కాగితం వద్దు. రెండు మూడు పాఠాలకు ఒకటి చొప్పున స్పైరల్ బైండింగ్ చేయిస్తే బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది, మోసుకెళ్లడానికీ బరువుండదు. క్లాసులో అప్పటికప్పుడు ఏదైనా చూపించాలంటే మార్కాపురం పలక ఉంటే దాచుకోండి, నల్ల పలక మీద మందంగా తెల్ల సుద్దతో గీసి పిల్లవాడి చేతికిస్తే కళ్లకు ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా పెట్టుకుని చూసుకుంటాడు.

ఇక వినడం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ గొంతు తెలుగులో చదువుతుంది, సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్‌కు వెళ్లి తెలుగు వాయిస్ ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. చూపు అసలు లేని పిల్లలకు ఫోన్ తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ నేర్పాలి, ఒకసారి అమర్చాక వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు, కొంచెం చూపున్న పిల్లలకు ఫోన్‌లోనే ఉండే సెలెక్ట్ టు స్పీక్ బాగా ఉపయోగం, చదువుతున్న మాటకు రంగు వేసుకుంటూ పోతుంది, కంటికీ చెవికీ ఒకే మాట ఒకేసారి అందుతుంది. ల్యాప్‌టాప్ ఉంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, అందులో ఈస్పీక్ తెలుగు గొంతు ఉంది, మొదట్లో మర మనిషి మాట్లాడినట్టుంటుంది కానీ అలవాటైన పిల్లలు మనకు అర్థం కానంత వేగంలో పెట్టుకుని వినేస్తారు. గూగుల్ డాక్స్ నుంచి ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలుగా దించి ఇస్తే ఫోన్‌లో పుస్తకంలాగా తెరుచుకుంటుంది.

పద్యాలు, కథలు, చిన్న తరగతుల పాఠాలు మాత్రం మనిషి గొంతుతోనే బాగుంటాయి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, రోహిణి కార్తె ఎండల్లో నెల్లూర్లో అది ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే తెల్లవారుజామున చేసుకోండి, రోడ్డు మీద హారన్లూ తక్కువ ఉంటాయి. పరుపులు, దుప్పట్లు ఉన్న గదిలో గొంతు మోగదు. నాటకంలా చదవక్కర్లేదు, నిదానంగా, మాట మింగకుండా చదవండి. పేజీ నంబరు చెప్పండి, కొత్త పేర్లు అక్షరాలు విడగొట్టి ఒకసారి చెప్పండి. ఐదు నుంచి పది నిమిషాలకు ఒక ఫైలు చొప్పున చేసి, పేర్లు "సాంఘిక 03 పేజీ 27" అన్నట్టు వరుసగా పెట్టండి, "రికార్డింగ్ కొత్తది ఫైనల్" అని పెడితే వారం తర్వాత మీకే దొరకదు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపితే గ్రూపుల్లో కొట్టుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే మెమరీ కార్డులో వేసి ఇవ్వండి.

బ్రెయిలీ వచ్చిన పిల్లలకు బ్రెయిలీ ఇవ్వాల్సిందే, ఆడియో ఉంది కదా అని మానెయ్యకండి. విని నేర్చుకుంటే పాఠం వస్తుంది కానీ అక్షరదోషాలు లేకుండా రాయడం రాదు. తెలుగుకు వాడేది భారతి బ్రెయిలీ, ఆరు చుక్కలతోనే గుణింతాలూ ఒత్తులూ విడివిడి గడుల్లో రాస్తారు కాబట్టి చిన్న పాఠం కూడా చాలా పేజీలవుతుంది, దానికి సిద్ధపడండి. ఎన్‌వీడీఏలో తెలుగు బ్రెయిలీ పట్టిక ఉంది, చుక్కలు పైకి లేచి దిగే బ్రెయిలీ డిస్‌ప్లే అనే పరికరం తగిలిస్తే మీ యూనికోడ్ ఫైలు వేళ్ల కిందకు వచ్చేస్తుంది. కాగితం మీద కావాలంటే బ్రెయిలీ చుక్కలు ఉబ్బేలా అచ్చువేసే ఎంబాసర్ కావాలి. డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి దివ్యాంగుల సంస్థకు సికింద్రాబాద్‌లో, చెన్నైలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర, పూనమల్లిలో ఉంది, ముందు ఫోన్ చేసి ఏ ఫైలు పంపమంటారో, ఎన్నాళ్లు పడుతుందో కనుక్కోండి.

"కాపీరైట్ గొడవ వస్తుందేమో" అని టెన్షన్ పడేవాళ్లకు: 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేసి 52(1)(జెడ్‌బి) అనే నిబంధన పెట్టారు. వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోవడానికి వీలుగా ఏ పుస్తకాన్నైనా వాళ్లకు పనికొచ్చే రూపంలోకి మార్చి ఇవ్వొచ్చు, రచయిత అనుమతి అక్కర్లేదు. లాభం కోసం చెయ్యకూడదు, తయారీ ఖర్చు మించి తీసుకోకూడదు, ఆ పిల్లలకు తప్ప బయట అందరికీ పంచకూడదు. ఇందుకోసమే వచ్చిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల వరకు పుస్తకాలు, బోధన సామగ్రి, పరికరాలు ఉచితంగా అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, స్థానిక అధికారులది. డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు కూడా ఆ చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో ఉన్నాయి. కాబట్టి హెడ్మాస్టరు గారిని అడిగేటప్పుడు దయచేయమన్నట్టు అడగక్కర్లేదు, కాగితం మీద రాసి ఇవ్వండి.

ఈ పని ఒక్కరు నెత్తిన వేసుకుంటే దసరాకల్లా నీరసం వచ్చి ఆగిపోతుంది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో రిసోర్స్ టీచర్ ఉంటారు, ముందు వాళ్లతో కూర్చోండి, పక్క బళ్లలో అదే తరగతి పిల్లలు ఎవరున్నారో వాళ్లకు తెలుసు, ఒంగోలులో ఒకరు చేసిన పాఠాన్ని కావలిలో మళ్లీ టైపు చెయ్యనవసరం లేదు. డిగ్రీ కాలేజీల ఎన్ఎస్ఎస్ పిల్లలకు పేజీలు పంచితే చక్కగా దిద్దిపెడతారు, అయితే ఒక పాఠానికి చివర ఒక్కరే బాధ్యులు ఉండాలి. వేసవి సెలవుల్లో మొదటి మూడు నెలల పాఠాలు పూర్తిచేసి పెట్టుకుంటే తర్వాత ఎప్పుడూ క్లాసు కంటే ఒకటి రెండు పాఠాలు ముందే ఉండొచ్చు. పాఠం చెప్పేసిన పది రోజులకు ఫైలు ఇస్తే క్లాసులో ఆ పిల్లవాడు మళ్లీ ఖాళీ చేతులతో కూర్చున్నట్టే, అందుకని చక్కగా చెయ్యాలని ఆలస్యం చేసేకంటే బొమ్మల వివరణ తర్వాత ఇస్తానని చెప్పి మాటల వరకైనా ముందు రోజు ఇవ్వండి.

పరీక్షల సంగతి విడిగా చూసుకోవాలి. ఏడాదంతా 24 సైజులో చదివిన అమ్మాయికి క్లాసు పరీక్ష పేపరు చిన్నక్షరాల్లో ఇస్తే చేసిందంతా వృథా. బళ్లో తయారయ్యే పేపరైతే ఫైలు సబ్జెక్టు టీచరు దగ్గరే ఉంటుంది, అదే సైజులో ఒక కాపీ తీయించండి, బొమ్మ ప్రశ్నలకు వివరణ జత చెయ్యండి. స్క్రైబ్, అంటే పిల్లలు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి, కావాలంటే సదరం సర్టిఫికెట్ జిరాక్స్‌తో హెడ్మాస్టరు ద్వారా చాలా ముందుగా అర్జీ పెట్టాలి, 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఉంది, ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాలు చూసుకుని ఆ కాపీ కూడా అర్జీకి జత చెయ్యండి. స్క్రైబ్‌గా వచ్చే పిల్లవాడితో పరీక్షకు ముందే నాలుగైదుసార్లు పాత పేపర్లు రాయించండి, చెప్పేవాళ్లకు చెప్పే వేగం, రాసేవాళ్లకు రాసే వేగం కుదరాలి, లెక్కల్లో బ్రాకెట్లూ భిన్నాలూ ఎలా చెప్పుకోవాలో ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఉండాలి.